కాస్త నలత

ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీ గుమ్మంలోనే ఒక తెర పెట్టారు. అది వచ్చినవాళ్ళ మాట వింటుంది, చేతికి తగిలించిన పట్టీతో నాడి, బీపీ చూస్తుంది, ఎవరు ముందు లోపలికి వెళ్ళాలో రంగు చూపిస్తుంది. ఎరుపైతే వెంటనే, పచ్చైతే రెండు గంటలాగి. నర్సులు దానికి చిలక అని పేరు పెట్టుకున్నారు. చిలక తప్పు చేయదని పైవాళ్ళ నమ్మకం. నూటికి తొంభైసార్లు చేయదు కూడా. ఆ మిగిలిన పదిసార్లతోనే పెద్ద సిస్టరుకి పేచీ.

ఆ మధ్యాహ్నం లోపల ఖాళీగా ఉన్నది ఒక్క మంచం. గుమ్మంలోకి ఇద్దరు ఒకేసారి వచ్చారు. ఒకడు నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోతున్న లారీ డ్రైవరు, వెంట భార్య. రెండో మనిషి కోడలి చెయ్యి పట్టుకుని నడిచొచ్చిన ముసలావిడ.

"చచ్చిపోతున్నానే తల్లీ! ప్రాణం పోతోంది!" అన్నాడు డ్రైవరు. చిలక ఎర్రబడింది.

ముసలావిడ తెరకేసి మొహమాటంగా చూసింది. "ఏం లేదు నాయనా. పొద్దుట్నుంచీ కాస్త నలతగా ఉంది."

నాడి బాగుంది. బీపీ బాగుంది. పచ్చ.

నోరున్నవాడిదే రాజ్యం అనుకుంది సిస్టరు. ఆ నలత సంగతి ఆమెకు బాగా తెలుసు. కాలు విరిగిన రోజు వాళ్ళమ్మ కూడా అదే మాట అంది. ఆ తరం ఆడవాళ్ళకి ఒంట్లో బాగోలేదని చెప్పడం కూడా ఎదుటివాళ్ళకి శ్రమ ఇవ్వడమే. చిలకకి తెలుగు వచ్చుగానీ మొహమాటం రాదు.

సిస్టరు ముసలావిడ మెడ మీద చెయ్యి వేసి చూసింది. చల్లటి చెమట.

"దవడ లాగుతోందా పెద్దమ్మా?"

"కాస్త. పన్నునొప్పేమోలే అమ్మా."

చిలక చెప్పిన రంగు మార్చాలంటే వేలిముద్ర వేసి కారణం రాయాలి. ఆ నెలలో సిస్టరు రెండుసార్లు మార్చింది, రెండుసార్లూ పొరపడింది. మూడోసారి పొరపడితే గుమ్మంలో డ్యూటీ ఉండదని సూపరింటెండెంటు మొహం మీదే చెప్పాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె వేలు పెట్టింది. కారణం దగ్గర "నలత" అని రాసింది.

లోపల డాక్టరు ముసలావిడ ఈసీజీ కాగితం చూసి విసుక్కున్నాడు. "గీతలు శుభ్రంగా ఉన్నాయి సిస్టర్. అవతల ఆయన గోల వినపడట్లేదా?"

"పది నిమిషాలాగి ఇంకోటి తీద్దాం సార్."

"మళ్ళీ తప్పైతే?"

"తప్పైతే నాదే సార్."

ఆ పది నిమిషాలూ డ్రైవరు అరుస్తూనే ఉన్నాడు. నొప్పికి సూది వేయాలన్నా డాక్టరు చూడాలి, ఉన్న ఒక్క డాక్టరూ ఈ మంచం దగ్గరే. ప్రతి కేకకీ సిస్టరు గుమ్మం వైపు చూసింది. తను మొండితనంతో ఒక మనిషిని హింస పెడుతోందేమోనని భయపడింది.

రెండో కాగితం మీద గీతలు ఎగిరిపడ్డాయి. డాక్టరు మొహం పాలిపోయింది. "గుండెపోటు! పదండి, పదండి!"

"మీ అందరికీ నా వల్ల శ్రమ," అంది ముసలావిడ, మంచం కదులుతుంటే.

ఆవిడ బతికింది. డ్రైవరుకి సూది పడేసరికి యాభై నిమిషాలైంది. కిడ్నీలో రాయి. అప్పటికి అతనికి అరిచే ఓపిక కూడా లేదు.

అతని భార్య సిస్టరుకి ఎదురొచ్చి నిలబడింది. "మా ఆయన అరుపు ఆ తెరకి వినపడింది. మనిషివి, నీకు వినపడలేదా?"

ఒక ప్రాణం నిలబెట్టానన్న మాట సిస్టరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటతో ఈ యాభై నిమిషాలు వెనక్కి రావు.

"వినపడిందమ్మా. వినే మీ ఆయన్ని ఆపాను."

"నీ పేరు చెప్పు. కంప్లైంటు రాస్తాను."

సిస్టరు చెప్పింది. ఆమె ఒక అక్షరం తప్పు రాస్తే దిద్ది, ఇంటిపేరు కూడా రాయించింది.