నత్తరాయిలో పిలుపు

మాచర్ల అవతల నాపరాతి గనిలో మగవాళ్లు గడ్డపారలతో పొరలు లేపేవాళ్లు, ఆడవాళ్లు ముక్కలు గంపలకెత్తేవాళ్లు. పొరల సందున నత్తరాళ్లు తగిలేవి, రోకలిబండ పురుగు ముడుచుకు పడుకున్నట్టు గుండ్రంగా. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. అందుకని ఆ రాళ్ల నోట్లో మాట చెబితే నీళ్ల మీదున్నవాళ్లకు వినబడేది. అందులో వింతేమీ లేదు. చిన్న రాయైతే మాట కృష్ణ దాటేది కాదు, రేవులో పడవవాళ్లను కేకేయడానికి పనికొచ్చేది. చుట్లు పెరిగేకొద్దీ మాట దూరం పోయేది.

దుర్గమ్మకు కావలసింది చానా పెద్ద రాయి. ఆమె మొగుడు కొండలు కరువుకు తాళలేక బందరు పోయి, సరుకు ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరాడు. యుద్ధం రోజులు. తూర్పు సముద్రంలో ఓడలు మునుగుతున్నాయని సంతలో విన్నప్పటినుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు. దొరికిన నత్తరాయినల్లా కొంగున కట్టుకెళ్లి చూరు కింద పేర్చేది. ఒక్కదానికీ అంత సత్తువ లేదు.

ఒక మధ్యాహ్నం పెదకోటయ్య లేపిన పలక కింద జల్లెడంత నత్తరాయి బయటపడింది.

"తీసుకో దుర్గమ్మా, నీ కోసమే పుట్టింది," అన్నాడాయన.

పొరుగింటి ఖాతూన్ బీ తన గంప దించి పరుగున వచ్చి రాయిని కడిగింది. "ఇంకేంది చూస్తా ఉన్నావు? పేరు పెట్టి పిలువు!"

"అమ్మో, మొగుడి పేరే! ఆయుష్షు తగ్గిద్ది గాదూ?"

"పేరు చెప్పకపోతే అంత సముద్రంలో ఎవర్ని పిలుస్తన్నావో ఎట్టా తెలిసిద్దే, పిచ్చిదానా?"

దుర్గమ్మ మొండిది. రాయికి నోరు ఆనించి, రోజూ గడపలో నిలబడి పిలిచినట్టే పిలిచింది. "ఏమయ్యోవ్! కూడు చల్లారిపోతంది. ఆ బొగ్గులో ఏం చేస్తన్నావు? పైకి రా!"

రాయి ఊ అనలేదు, ఆ అనలేదు. ఖాతూన్ బీ తల కొట్టుకుంది. పేరు చెప్పకుండా చేజేతులా చెడగొట్టుకున్నానేమోనని దుర్గమ్మ కుమిలిపోయింది.

వానలు పడ్డాక ఒక సాయంత్రం వాకిట్లో ఎడ్లబండి ఆగింది. అందులోంచి మొగుడు కొండలు దిగాడు. వెనకే ఇంకొకడు, వాడి వెనక మరొకడు, బండి నిండా మగవాళ్లే. ఎవరూ ఆ ఊరివాళ్లు కారు. చెల్లెమ్మకని అందరూ కలిసి ఒక చీర తెచ్చారు. దుర్గమ్మ గంప పడేసి, సిగ్గు కూడా మరిచి, మొగుణ్ణి తడిమి తడిమి చూసుకుంది.

"నీ కేక వినబడి పైకొచ్చా," అన్నాడు కొండలు. "చూస్తే పెళ్లయినోళ్లంతా నా వెనకే ఎక్కుతున్నారు. ఎవడికి వాడు తన పెళ్లామే పిలిచిందనుకున్నాడు. పెళ్లిగానోళ్లు కూడు అన్న మాటకొచ్చారు. అందరం పైనుండగానే ఓడ కడుపు పగిలింది, పడవల్లోకి దూకి బతికాం. నా పేరు పెట్టి పిలిచుంటే నేనొక్కణ్ణే మిగిలేవాణ్ణి."

ఖాతూన్ బీ ముక్కున వేలేసుకుని, పొయ్యి రాజెయ్యడానికి లోపలికి నడిచింది. దుర్గమ్మ ఏడుస్తూ నవ్వుతూ జొన్నకూడు వండింది. దించి గడపలోకి వచ్చింది.

"ఏమయ్యోవ్! కూడు చల్లారిపోతంది, రా!"

వాకిట్లో కూర్చున్న మగవాళ్లంతా ఒక్కసారే లేచారు.