నీలం తాగిన చామంతులు

చిట్యాలలో పూలమ్మే వీరమ్మకు ఒక్క పండుగతో పేరు పోయింది. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు వాన చినుకులు పడి, ఆమె అమ్మిన గునుగు పూల రంగు కారింది. వాడకట్టు చివరింటి ప్రమీల పట్టుచీర కొంగంతా ఊదా అయింది. తెల్లటి గునుగును రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం ఊరంతా చేసే పనే. అయినా ప్రమీల నలుగురు కూడిన చోటల్లా వీరమ్మ పూలు కొనకుర్రి అని చెబుతూనే ఉంది.

ఈసారి వీరమ్మ కొత్త కోడలు స్రవంతి నడుం కట్టింది. ఇంటర్‌లో బైపీసీ చదివిన పిల్ల.

"ముంచుడు కాదత్తమ్మా, తాపుదాం. తెల్ల చామంతి కాడలను నీలం నీళ్లల్ల పెడితే రంగు లోపలి నుంచే రెక్కలకు ఎక్కుతది. ఇగ కారదు."

ఆ మాట ప్రమీల ఎదుటే అనేసింది. ప్రమీల మూతి తిప్పింది. "సూస్త బిడ్డా. కారిందో, మీ గంప కాడికి ఒక్కదాన్ని రానియ్య."

సద్దులకు ముందు రోజు సాయంత్రం బకెట్లలో నీలం మిఠాయి రంగు కలిపి కాడలు నిలబెట్టారు. పూలు వాడకుండా వీరమ్మ ఎప్పటిలాగే పైన తడి గోనెపట్ట కప్పింది. పొద్దున పట్ట తీస్తే తొలి చూపుకు పూలన్నీ పాల తెలుపే.

"నీ చదువు సల్లగుండ!" వీరమ్మ నెత్తి కొట్టుకుంది. "పొద్దుగూకితే బతుకమ్మ ఆట. ఇప్పుడు ప్రమీల ముంగట ఏం మొఖం పెట్టుకోవాలె?"

స్రవంతికి కళ్లనీళ్లొక్కటే తక్కువ. బకెట్ పక్కకు జరపబోయి ఆగిపోయింది. పట్ట చిరుగులోంచి తల బయటపెట్టి రాత్రంతా గాలికి ఊగిన పువ్వొకటుంది. దాని రెక్కల అంచులు నీలం!

"అత్తమ్మా! జల్ది రా! గిది సూడు!"

గోటితో దాని కాడను నిలువునా చీల్చింది. లోపల వెంట్రుకంత సన్నని నీలం గీతలు, కింది నుంచి పువ్వు దాకా.

"గివే నీళ్ల తొవ్వలు! కింది నుంచి ఎవ్వలు తోస్తలేరత్తమ్మా, పై నుంచి గుంజుడే. ఆకులు, రెక్కలు గాలికి తేమ ఇడుస్తయి. ఇడిసినకొద్ది కింది నీళ్లు పైకెక్కుతయి. మనమేమో తడిపట్ట కప్పి ఇడవనియ్యలేదు."

వీరమ్మ కళ్లు చిన్నవి చేసుకుని చూసింది. "అంటే... వాటికి దప్పే కానియ్యలేదంటవ్."

"గదే!"

"బయట పెడితే వాడి సస్తయి కదనే?"

"ఎండల కాదు, నీడల. జర గాలి తగలాలె."

వీరమ్మ ఒక్క క్షణం పట్టను రొమ్ముకు హత్తుకుని నిలబడింది. తర్వాత దాన్ని గోడవతలికి విసిరేసి లోపలికి ఉరికింది. నిద్రపోతున్న కొడుకు శ్యాం ముందు నుంచి టేబుల్ ఫ్యాను ఎత్తుకొచ్చింది.

"అవ్వా, ఉక్కపోస్తుందే!" లోపలి నుంచి శ్యాం కేక.

"నీకు కాదురా, పూలకు కావాలె గాలి!"

స్రవంతి లోపలికి గాలి చొరకుండా కాడల చివర్లు నీళ్లలోనే ఉంచి కొత్తగా కోసింది. ఇద్దరూ బకెట్ల ముందు కూలబడ్డారు. ముందు ఆకుల ఈనెలు నీలమెక్కి నల్లబడ్డాయి. పొద్దెక్కేసరికి ఒక రెక్క అంచున నీలం గీత, దాని పక్కన ఇంకొకటి. "ఎక్కుతున్నది, ఎక్కుతున్నదే!" వీరమ్మ చిన్నపిల్లలా తొడలు చరిచింది. మధ్యాహ్నానికి చామంతులన్నీ లేత నీలంగా మారాయి.

ప్రమీల వచ్చింది, వెనకాల వాడకట్టు ఆడవాళ్లతో. కావాలనే తెల్లచీర కట్టుకుంది. ఒక పువ్వు తీసి నీళ్ల బిందెలో ముంచి, తడితడిగా కొంగుకు రాసింది. చూసింది. మళ్లీ రాసింది. కొంగు తెల్లగానే ఉంది.

ప్రమీల ఆ పువ్వును కొప్పులో చెక్కుకుంది.

"వీరమ్మత్తా," అంది నెమ్మదిగా, "నా బతుకమ్మకు రెండు వరుసలు కావాలె. ముందుగాల నాకియ్యాలె మల్ల!"

"ఎందుకియ్యను? నువ్వే కద తొల్త అడిగినవ్," అంటూ వీరమ్మ గంప ముందుకు జరిపింది. వెనకున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా మీద పడ్డారు.