లైన్ క్లియర్ తరవాత

నాకు అన్నిటికన్నా భయమైన సంగతి ఒకటే: మా ఆయన స్తంభం మీద ఉండగా తీగలోకి కరెంటు రావడం. ఆయన లైన్‌మన్.

లైన్ అనే మాటతో నాకు పాత పరిచయమే. బళ్లో అది స్కేలుతో గీసే గీత, బెల్లు కొట్టాక నిలబడే వరస. ఎనిమిదితో చదువు ఆగాక కుళాయి దగ్గర బిందెల వరస. పెళ్లి కుదిరినప్పుడు మా పిన్ని, "ఒక్కడూ లైనెయ్యకుండానే ఏకంగా లైన్‌మన్‌నే పట్టావు కదే" అని వేళాకోళమాడింది. ఆయన ఫోన్ చేస్తే, "లైన్లో ఉండు, పాప గొంతు వినిపించు" అంటాడు. ఇన్నిట్లో నేను నమ్ముకున్నది మాత్రం "లైన్ క్లియర్". సబ్‌స్టేషన్ వాళ్లు సరఫరా ఆపేసి ఆ మాట చెప్తేగానీ ఆయన నిచ్చెన ఎక్కడు.

పోయిన వానాకాలం గాలికి మా వీధి మొదట్లో తీగ తెగింది. మా నాలుగిళ్లూ, ఐస్ అమ్మే బాబాయ్ కొట్టూ బల్లి తోకలా విడిగా మిగిలాయి. ఆయన లైన్ క్లియర్ తీసుకుని వచ్చాడు. పొరపాటున కరెంటొస్తే నేలలోకి దింపేసే ఎర్తు గొలుసును తెగిన తీగకు రెండు వైపులా తగిలించాలి. ఒకటే ఉంది, రెండోది పక్క వీధి జట్టు పట్టుకెళ్లిందట.

కిటికీలోంచి అడిగితే, "స్టేషన్ వైపు వేశాలే. ఇటునించి ఏమొస్తుంది, మనిల్లేగా" అని నవ్వి ఎక్కాడు.

నేను పాపకు అన్నం పెడుతున్నాను. బాబాయ్ కొట్టులో జనరేటర్ గుడగుడమంది. మా వంటింటి బల్బు మసగ్గా వెలిగింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అద్దెకు తెచ్చిన జనరేటర్ వైరును బాబాయ్, మెయిన్ స్విచ్ కట్టేయకుండా గోడ ప్లగ్గులో గుచ్చేసుంటాడు. ఆ కరెంటు తిరిగి తీగలోకి పోతోంది. అరిచాను. ఆ మోతలో ఆయనకు వినపడలేదు. ఫోన్ చేద్దామంటే, ఎత్తబోయి చెయ్యి దేనికి తగులుతుందో. ఎంగిలి మూతి పాపను చంకనేసుకుని పరిగెత్తాను.

"బాబాయ్, ఆపు."

"ఐసంతా కరిగి కాలవైపోతోందమ్మా. అల్లుడు కరెంటిచ్చేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనా?"

"ఆయన పైనే ఉన్నాడు."

"లైన్ క్లియర్ తీసుకునే ఎక్కుంటాడుగా. ఆమాత్రం నాకు తెలీదా?"

వివరించే వ్యవధి లేదు. జనరేటర్ మీద కనిపించిన మీటలన్నీ నొక్కాను. ఏదో ఒకటి తగిలి మోత ఆగింది.

బయటికొస్తే ఆయన నడుం బెల్టు మీద వెనక్కి వాలి ఉన్నాడు. చేతులు వేలాడుతున్నాయి. పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. పాప కూడా "నాన్నా" అంది. అప్పుడు తల కొంచెం కదిలింది.

బతికాడు. కుడి చేతి వేళ్లు రెండు ఇక వంగవు. అయినా మళ్లీ డ్యూటీలో చేరాడు, చేరకపోతే ఎలా.

ఇవాళ గాలి లేచింది. ఏ వీధికి వెళ్లాడో తెలీదు, ఫోన్ చెయ్యాలంటే భయం. మీ ఇంట్లో కరెంటు పోయిందా? జనరేటర్ ముట్టుకోకముందు మెయిన్ కట్టేయండి. ఒకసారి గుమ్మం దాటి స్తంభం వైపు చూడండి. ఎడమ చేత్తో పనిచేసుకుంటున్న మనిషి కనిపిస్తే కిందనుంచే పిలవండి. పలుకుతున్నాడో లేదో చూడండి.