లోపలి కుట్టు

బుడ్డోడి ఎడమకాలు కుట్లమ్మ ఒళ్ళో ఉంది. మిగతా బుడ్డోడు పక్కనున్న బల్ల మీద వెల్లకిలా పడుకుని రేకుల కప్పు వైపు చూస్తున్నాడు. చూస్తున్నాడని మాటవరసకు అనడమే గాని వాడికి కళ్ళూ ముక్కూ లేవు. ఏడేళ్ళ పిల్లాడి ఎత్తు, లోపల మెత్తని స్పాంజి, పైన నీలం చొక్కా, నల్ల లాగు. నిన్న ఒక బండి గుద్దినప్పుడు మోకాలి దగ్గర నాలుగు వేళ్ళ పొడవున చిరిగింది.

చిరుగు ఒకటే అయినా కుట్లు రెండు. పైకి కనిపించే గుడ్డ కింద వెండి దారాలు కలిపి నేసిన పొర ఒకటి ఉంటుంది. బండికున్న రాడార్ మనిషిని మనిషిగా పోల్చుకునేది ఆ పొరను బట్టే. ముందు దాన్ని కుట్టాలి, ఆ తర్వాత పైగుడ్డను వేరేగా మూయాలి. రెండింటినీ కలిపి ఒకే పోటుతో లాగేస్తే పని సగం సేపట్లో తెమిలిపోతుంది, కానీ లోపలి పొర ముడత పడుతుంది. అందుకని కుట్లమ్మ లోపలి కుట్టు కాగానే, రాడార్‌కి ఆ పొర ఎంత బాగా కనిపిస్తుందో కొలిచే పెట్టె ముందు కాలిని నిలబెట్టేది. పెట్టె చూపిన అంకెనూ, తేదీనీ చెరగని సిరాతో ఆ పొర మీదే రాసి, అప్పుడు పైగుడ్డ మూసేది. రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూశాక చూసేవాళ్ళూ లేరు.

అది బండ్లను పరీక్షించే యార్డు. ఎదురుగా మనిషి వస్తే డ్రైవరు తొక్కకపోయినా తనంతట తానే బ్రేకు వేసుకునే బండ్లు వస్తున్నాయి కదా, అవి నిజంగా వేసుకుంటాయో లేదో అక్కడ తేలుస్తారు. పొడవాటి సిమెంటు బాట, దానికి అడ్డంగా నేలబారున జారే పలక, పలక మీద కాళ్ళు ఆడిస్తూ దాటే బుడ్డోడు. బండి ఆగితే వాడు అవతలికి చేరతాడు. ఆగకపోతే కాళ్ళూ చేతులూ విడిపోయి తలోవైపు పడతాడు, మళ్ళీ కుట్లమ్మ ఒళ్ళోకి వస్తాడు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గాని యార్డులో ఎవరూ అలా పిలవరు. యాభై తొమ్మిదేళ్ళ సన్నటి మనిషి. మిషను మీద వంగి వంగి మెడ కింద ఎముక చిన్న గుబ్బలా లేచింది. ఎడమ చూపుడు వేలి కొస సూదిపోట్లకు కాయగాసి, వేడి గిన్నె తగిలినా ఆ వేలికి తెలియదు. ఇరవై రెండేళ్ళు ఒక దుకాణంలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. రెడీమేడ్‌లు వచ్చి ఆ దుకాణం మూతపడితే, ఆమె రోజూ ఎక్కే బస్సు డ్రైవరు ఒకాయన అప్పటికే ఈ యార్డులో చేరి ఉండి, "పదిహేను రోజుల పని ఉందక్కా, బొమ్మలకి గుడ్డలు కుట్టాలి" అని తీసుకొచ్చాడు. ఆ పదిహేను రోజులకు పదకొండేళ్ళు నిండాయి.

"బడిపిల్లలూ మోకాళ్ళ దగ్గరే చింపుకొచ్చేవాళ్ళు. వీడూ అంతే. బుద్ధి మారదు" అంటుందామె.

చేతికుట్టుకు సూదులు ఆమె ఎక్కించుకోదు. పొద్దున్నే భర్త ఎక్కించి ఇస్తాడు. గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. డెబ్బైకి దగ్గర పడుతున్నా చెయ్యి వణకదు. పన్నెండు సూదులకు దారాలు ఎక్కించి, గుడ్డపట్టీకి వరసగా గుచ్చి, చుట్టచుట్టి ఆమె సంచిలో పెడతాడు. ఏడాదిగా ఇదే వాడుక. సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

ఆ రోజు వచ్చింది తెల్లటి వ్యాను. ఇరుకు సందుల్లో ఇంటింటికీ సరుకులు అందించే రకం. దాన్ని తయారుచేసిన కంపెనీ నుంచి ఒక మనిషి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో కంప్యూటరు. ఈ పరీక్ష గట్టెక్కితే పై నెలలో బండ్లు రోడ్డెక్కుతాయట.

పరీక్ష జరిగే ప్రతిసారీ కుట్లమ్మ పని ఆపి, పసుపు గీత ఇవతల నిలబడి చూస్తుంది. బండి నడిపేది ఆమెను ఈ పనికి తెచ్చిన ఆ డ్రైవరే. పరీక్షప్పుడు రెండు పాదాలూ కదలకుండా పెట్టుకుని కూర్చోవాలి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క మనిషికీ బండి తాకించని డ్రైవరు అతను. బ్రేకు తొక్కకుండా ఉండడమే తనకు కష్టమైన ఉద్యోగమని నవ్వుతుంటాడు. వ్యాను దూసుకొచ్చింది. బుడ్డోడు కాళ్ళాడిస్తూ బాట మధ్యకు వచ్చాడు. వ్యాను ముక్కు నేలకు వంగి, టైర్లు కీచుమని, జానెడు దూరంలో ఆగిపోయింది. బుడ్డోడు తన మానాన తాను దాటేశాడు.

కుట్లమ్మ ఊపిరి వదిలింది. పదకొండేళ్ళలో ఎన్ని వందలసార్లు చూసినా ఆ క్షణాన ఆమె ఛాతీ కాస్త పొంగుతుంది. బండి చేసింది ఎవరైనా, అది ఆగింది తన కుట్టును చూసి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పదిసార్లు పరిగెత్తించారు. పదిసార్లూ ఆగింది.

భోజనాల వేళ డ్రైవరు తన డబ్బా తెచ్చుకుని ఆమె గది గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏంటక్కా, ఇవాళ సామాన్లన్నీ సర్దేస్తున్నావు?"

"దుమ్ము పట్టింది, దులుపుతున్నా తమ్ముడూ."

అబద్ధమాడింది. అదే ఆమెకు ఆఖరి రోజు. పోయిన నెలలో ఒక మడత కుట్టులో పోటు ఒకటి తప్పింది. కంటికి కనిపించలేదు, మర్నాడు వేలితో తడుముతుంటే దొరికింది. విప్పి మళ్ళీ కుట్టి, ఆ సాయంత్రమే యార్డు ఇంజనీరుకు పని మానేస్తానని కాగితం ఇచ్చింది. కంటినరం ఎండిపోతోంది, ఆపరేషను చేసినా లాభం లేదని డాక్టరు అంతకుముందే చెప్పాడు. "ఎవరూ పట్టుకోలేదు కదమ్మా, ఇంకో రెండేళ్ళు ఉండొచ్చు" అన్నాడు ఇంజనీరు. "ఎవరో పట్టుకునేదాకా ఉండకూడదనే వెళ్తున్నా సార్" అంది ఆమె. సన్మానాలూ ఫొటోలూ వద్దని మాట తీసుకుంది.

నాలుగింటికి పదకొండో పరుగు. అదే వేగం, అదే వైపు, అదే బుడ్డోడు. ఈసారి వ్యాను ముక్కు వంగలేదు. దబ్బుమని గుద్దింది. కాలొకటి ఎగిరి పసుపు గీత దాటి, కుట్లమ్మ చెప్పుల దగ్గర పడింది. పొద్దున కుట్టిన ఎడమకాలు.

డ్రైవరు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "బొమ్మే అని తెలుసు. అయినా గుండె జారిపోయింది" అన్నాడు ఎవరితోనో.

కంపెనీ మనిషి ఆ కాలు అందుకుని తిప్పి చూశాడు. "ఇక్కడ అతుకుంది. ఇది ఎవరు కుట్టారు?"

"నేనే" అంది కుట్లమ్మ.

"పొద్దుటి నుంచి ఆగిన బండి ఉన్నట్టుండి ఎందుకు ఆగదు? కెమెరా, రాడార్ రెండూ ఔనంటేనే బ్రేకు పడుతుంది. ఈ అతుకు సాగి ఉంటుంది, రాడార్‌కి కాలు కనపడి ఉండదు." ఇంజనీరు వైపు తిరిగాడు. "ఇలా ఇంట్లో బట్టలు కుట్టుకున్నట్టు కుట్టిన బొమ్మలతో చేసిన పరీక్షలు చెల్లవు సార్. ఇదొక్కటే కాదు, ఇంతకు ముందువి కూడా."

అతను గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట మరింత లోతుగా దిగింది. ఇంతకు ముందువంటే పదకొండేళ్ళు.

కుట్లమ్మకు కోపం రాలేదు, భయం వేసింది. అంకె రాసింది నిజమే, కానీ రాశాక గదా పైగుడ్డ మూసింది. మూసేటప్పుడు సూది లోపలి పొరను పట్టేసి ఉంటే? తన కళ్ళ సంగతి తనకు తెలియనిదా? ఎవరూ చూడకుండా చేతులు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.

"కుట్లమ్మా, మీరేమంటారు?" ఇంజనీరు అడిగాడు.

"నేనేమీ అనను సార్. ముందు పెట్టె దగ్గర పెట్టండి."

కాలిని కొలిచే పెట్టె ముందు నిలబెట్టారు. అంకె వచ్చింది.

"పొద్దున ఎంతుందో మనకెలా తెలుస్తుంది?" అన్నాడు కంపెనీ మనిషి.

కుట్లమ్మ కత్తెర తీసుకుంది. తన కుట్టును తానే పోటు పోటుగా తెంపింది. పైగుడ్డ విచ్చుకుంది. లోపలి పొర మీద నల్లసిరాతో ఆనాటి తేదీ, పక్కన అంకె. పెట్టె ఇప్పుడు చూపిస్తున్నదే. ఆమె ఆ అంకెలకేసి చూడలేదు. కళ్ళు మూసుకుని, కాయగాయని ఉంగరపు వేలితో ఆ పొర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తడిమింది. ఎక్కడా ముడత లేదు. ఇంకోసారి తడిమింది. లేదు.

అప్పుడు తలెత్తింది.

"భుజం దగ్గర మూడేళ్ళ కిందటి అతుకు ఉంది. విప్పనా? నడుం దగ్గర ఇంకోటి. అన్నిట్లోనూ రాసే ఉంటుంది బాబూ."

ఇంజనీరు ఆ కాలును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళుగా బుడ్డోడి లోపల ఇంత ఉందని ఆయనకూ తెలియదు.

"మరి బండెందుకు ఆగలేదు?" కంపెనీ మనిషి గొంతు తగ్గింది.

"నాకు బండ్ల సంగతి తెలీదు" అంది కుట్లమ్మ. "కానీ పొద్దున ఆగింది, ఇప్పుడు ఆగలేదు. పిల్లాడు మారలేదు, ఎండ మారింది. పొద్దున ఎండ బండి వీపు మీదుంది. ఇప్పుడు కంట్లో పడుతోంది. ఎండకి ఎదురుగా కూర్చుని సూదిలో దారం ఎక్కించి చూడండి, మీకే తెలుస్తుంది."

డ్రైవరు బాట చివర వాలుతున్న సూర్యుడి వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

గోదాంలోంచి, కుట్టు పడని కొత్త బొమ్మను పెట్టె విప్పి తెచ్చారు. పడమటివైపే నడిపారు. వ్యాను దాన్నీ గుద్దింది. విడిపోయిన కాళ్ళూ చేతులూ మళ్ళీ తగిలించి, బండిని వెనక్కి తిప్పి, ఎండను వీపుకు పెట్టి తూర్పువైపు నడిపారు. జానెడు దూరంలో బుద్ధిగా ఆగింది.

కంపెనీ మనిషి కంప్యూటరు మూసేసి పసుపు గీత పక్కన గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి, "సాయంత్రం పూటే కదమ్మా పిల్లలు సందుల్లో ఉండేది" అన్నాడు.

"అందుకే గదా బాబూ మీరిక్కడికి తెచ్చింది. ఇక్కడ తప్పితే తప్పు కాదు. దిద్దుకోండి."

ఇంజనీరు రిపోర్టు తీశాడు. వ్యాను నెగ్గలేదని రాశాడు. రాసి, కలం ఎత్తకుండానే అడిగాడు. "మీ పూర్తి పేరు చెప్పండమ్మా. బొమ్మను సరిచూసినవారు అన్నచోట రాయాలి."

ఆ గడిలో ఇంతదాకా ఎవరి పేరూ రాసిన వాడుక లేదు. కుట్లమ్మ ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన రాశాక, కాగితం దగ్గరగా తెచ్చుకుని, ముక్కుకు ఆనించుకున్నంత పని చేసి, అక్షరం అక్షరం చదువుకుంది. "రెండో అక్షరానికి దీర్ఘం ఉంటుంది సార్" అంది. ఆయన దీర్ఘం పెట్టాడు.

గంటసేపు కూర్చుని ఆ కాలు మళ్ళీ కుట్టింది. లోపలి కుట్టు, కొలత, తేదీ, అంకె, పైకుట్టు. బుడ్డోడికి కాలు తగిలించి, లాగు సరిచేసి, గోడకు ఆనించి నిలబెట్టింది. డ్రైవరు గుమ్మంలోకొచ్చి, "రేపు లారీ వస్తోందక్కా, పొద్దున్నే రావాలి" అన్నాడు.

"నువ్వు జాగ్రత్తగా నడుపు తమ్ముడూ" అంది ఆమె. అతనికి అప్పుడు అర్థం కాలేదు. గేటు దాకా వెళ్ళిన మనిషి వెనక్కి తిరిగి సిమెంటు బాట వైపు ఒకసారి చూసినప్పుడు అర్థమైంది. పిలవబోయాడు, అప్పటికే బస్సు వచ్చింది. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఇంటి దగ్గర భర్త సంచి అందుకుంటూ అడిగాడు. "ఎలా జరిగింది?"

"బండి తప్పింది" అంది కుట్లమ్మ, చెప్పులు విడుస్తూ. "నా కుట్టు తప్పలేదు."

ఆమె కాళ్ళు కడుక్కొచ్చేసరికి ఆయన కుర్చీ జరిపి, తనూ పక్కనే కూర్చున్నాడు. జరిగిందంతా ఆమె మొదటి నుంచి చెప్పింది. పేరు రాసిన దగ్గరికొచ్చాక ఆయన మళ్ళీ చెప్పించుకున్నాడు.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. ఇంజనీరు స్వయంగా వెళ్ళి కుట్టుగది తాళం తీశాడు. బల్ల తుడిచి ఉంది, కత్తెర మేకుకు వేలాడుతోంది, మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మిషను ముందు ఇనప కుర్చీలో, చిరిగిన బుడ్డోళ్ళ చొక్కాల ముక్కలు కలిపి, కూర్చోవడానికి ఆమె కుట్టుకున్న చిన్న మెత్త మిగిలిపోయింది. నీలం, బూడిద, మళ్ళీ నీలం, కుడివైపు కాస్త ఎక్కువగా అణిగి.