వకాల్తా ఎవరిచ్చారు

కంపెనీల కేసుల్లో ఇరుక్కున్న ఉద్యోగుల తరపున వాదించడం ఆమె వృత్తి. రెండేళ్లుగా ఇంటి నుంచే పని. వంటింటికీ బాల్కనీకీ మధ్యనున్న చిన్న గదిలో ఒక బల్ల. కెమెరాకు కనిపించే మేర చట్టాల పుస్తకాలు, కనిపించని మేర ఇస్త్రీ కావాల్సిన బట్టలు. కక్షిదారుతో మాట్లాడేటప్పుడు తలుపు గడియ పెట్టేది. ఆ మాటలు ఇంట్లోవాళ్ల చెవిన కూడా పడకూడదు.

"దేవుడి దగ్గరికి వెళ్లడానికైనా ఇంత కట్టుబాటు లేదమ్మా," అనేది అత్తగారు.

ఆ రోజు మూడింటికి విచారణ, వీడియోలోనే. ముద్దాయి ఒక మందుల కంపెనీలో పరీక్షల విభాగం ఉద్యోగిని. పరీక్షే జరగని దగ్గు మందు 'సరిగా ఉంది' అని ఆవిడ పేరు మీద కంప్యూటర్లో నమోదైంది. ఆవిడకి ఈమెను లాయరుగా పెట్టిందీ, ఫీజు ఇస్తున్నదీ కంపెనీయే. పొద్దున్నే ఆమె పనిచేసే లాయర్ల ఆఫీసు నుంచి సీనియర్ ఒక వాంగ్మూలం పంపాడు. తప్పంతా నాదేనని ఆవిడ ఒప్పుకోవాలి. కోర్టు చిన్న శిక్షతో సరిపెడుతుంది. సంతకం రెండింటికల్లా కావాలి.

లాయరుకు ఒక అలవాటుంది. ఏ కాగితమైనా కక్షిదారు పైకి చదివాకే సంతకం. తెర మీద చూసి తలూపితే ఒప్పుకోదు. ఆఫీసులో దీన్ని 'రెండో తరగతి పాఠం' అని వెక్కిరించేవారు.

ఉద్యోగిని తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఫోన్లో చదవసాగింది. మూడో పేరా దగ్గర ఆగింది.

"'పర్యవేక్షకుల ప్రమేయం లేకుండా' అంటే ఏంటి మేడం?"

"పైవాళ్లకి తెలియకుండా అని."

ఉద్యోగిని మెట్లెక్కే వాళ్లకి దారిచ్చి, గొంతు తగ్గించింది.

"పాస్‌వర్డులు వాళ్లే రాయించుకున్నారు మేడం, మా అందరివీ. చీటీ సూపర్‌వైజర్ సొరుగులో ఉంటుంది. అసలు ఆ రోజు నేను డ్యూటీకే వెళ్లలేదు. మా పాపకి కంటి ఆపరేషన్."

"హాజరులో మీరున్నారే?"

"పాస్‌వర్డు కొడితే హాజరు దానంతటదే పడిపోతుంది. ఆసుపత్రి కాగితాలు నా దగ్గరున్నాయి. ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు సంతకం నాదే, టైముతో సహా."

"మూడు నెలలుగా మాట్లాడుతున్నాం కదండీ. ఇప్పుడా చెప్పడం?"

"మిమ్మల్ని పెట్టింది వాళ్లే కదా. మీరూ వాళ్ల మనిషే అనుకున్నా. ఏమీ అనుకోకండి."

లాయరు రోజూ పని మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం చేతులు జోడించి, నా నోట అబద్ధం రానీయకు తండ్రీ అని వేడుకునేది. ఎదుటి మనిషి నిజం చెప్పుకోగలిగేలా నన్ను ఉంచు అని ఒక్కనాడూ అడగలేదు. దేవుడు అడిగినంతే ఇస్తాడా, లేక అడగడం నేర్చుకునేదాకా ఆగుతాడా?

"సంతకం పెట్టకండి," అని చెప్పి, సీనియర్‌కు ఫోన్ చేసింది.

అంతా విని ఆయన నిట్టూర్చాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావమ్మా."

"వాసాలు పుచ్చిపోయాయండీ. కూలితే పడేది ఆవిడ నెత్తిన."

"నిన్ను పెట్టింది ఎవరో గుర్తుందా?"

"వకాల్తా మీద సంతకం ఆవిడది. కంపెనీది కాదు, మీదీ కాదు."

"సరే. ఇంక నువ్వు విశ్రాంతి తీసుకో."

పావుగంటలో ఆమె ల్యాప్‌టాప్ తెర నల్లబడింది. ఫోన్ కూడా. రెండూ ఆఫీసువే, అక్కణ్నుంచే ఆపేశారు. మూడింటికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. గడియ తీసి వంటింట్లోకి నడిచింది.

"అత్తయ్యా, మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?"

"భజన సగంలో ఉందే."

"దేవుడు ఏమీ అనుకోడు."

"ఆయన అనుకోడు, నేనే అనుకుంటా," అంటూనే ఇచ్చింది.

వకాల్తా కాగితం మీద ఉద్యోగిని నంబరు చూసి ఫోన్ చేసింది. ఆవిడ తనకొచ్చిన కోర్టు నోటీసులోంచి వీడియో విచారణలో చేరే నంబరు చదివి చెప్పింది. పిండి డబ్బాకు ఫోన్ ఆనించి, లాయరు లోపలికి ప్రవేశించింది.

కోర్టు గుమస్తా గొంతు వినిపించింది. "'బామ్మ' అన్న పేరుతో ఎవరో వచ్చారు. ఎవరండీ బామ్మ?"

"ముద్దాయి తరపు న్యాయవాదిని. ఫోన్ మా అత్తగారిది."

న్యాయమూర్తి కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఒప్పుకోలు వాంగ్మూలం వస్తుందన్నారు?"

"రాదండీ. అది నా కక్షిదారు మాట కాదు."

తెర మీద ఇంకో గడిలో సీనియర్ కనిపించాడు. "క్షమించాలి. ఈమెను ఈ కేసు నుంచి తప్పించాం. వేరే న్యాయవాదిని పంపుతాం."

న్యాయమూర్తి ఉద్యోగిని వైపు తిరిగారు. "అమ్మా, మీ తరపున ఎవరు?"

ఆవిడ మైకు తెరవడానికి తడబడింది. "ఆవిడేనండీ. ఆ బామ్మే."

ఎవరో కిసుక్కున నవ్వారు. న్యాయమూర్తి నవ్వలేదు. "నేరం ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోనండీ. ఆ రోజు నేను ఆసుపత్రిలో మా పాప మంచం పక్కన ఉన్నాను. నా పాస్‌వర్డు ఎవరు కొట్టారో వాళ్లని అడగండి."

లాయరు ఆసుపత్రి కాగితం గురించి, సూపర్‌వైజర్ సొరుగులోని చీటీ గురించి రెండు ముక్కల్లో చెప్పింది. కంపెనీ కంప్యూటర్ల రికార్డు ఒక్క అక్షరం చెరపకుండా కోర్టుకు అప్పగించాలని న్యాయమూర్తి ఆదేశించి, విచారణను వచ్చే మంగళవారానికి వాయిదా వేశారు. సీనియర్ గడి ఖాళీ అయింది.

ఆమె ఫోన్ తుడిచి అత్తగారికి ఇచ్చింది.

"అయిందా? ఉద్యోగం ఉందా?"

"లేదత్తయ్యా. కేసుంది."

అత్తగారు ఫోన్లో ఆగిన భజన వెతుక్కుంది. "మళ్లీ ఎప్పుడు కావాలి ఫోను?"

"మంగళవారం."

"ఆ పూట భజన పొద్దున్నే వినేస్తాలే," అంటూ పొయ్యి వైపు తిరిగింది.