మిట్టమధ్యాహ్నం ఈత

"ఆ మజ్జిగ మేం తాగడానికా, నువ్వు చేతులు కడుక్కోడానికా?" అన్నాడు చెంచురామయ్య, కంచం ముందు కూర్చుంటూ.

కోటిరత్నం గిన్నెలోంచి చేతులు తీయలేదు. పొద్దుటి నుంచీ కల్లంలో కూర్చుని ఎండుమిరపకాయల్లో తాలు వేరు, మంచివి వేరు చేసి వచ్చింది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద అంతా భగభగ మండుతోంది. మజ్జిగలో పెడితే ఆ కాసేపు ఊరట, తీస్తే మళ్ళీ మొదలు. కాపరానికొచ్చిన మొదటి ఏడు ఈ మంటకి ఏడ్చింది. "మిరపకాయ మండక బెల్లంముక్కలా ఉంటుందా?" అంది అత్తగారు బసవమ్మ. ఇరవై నాలుగేళ్ళయింది. మంట అలవాటు కాలేదు గానీ, అలవాటయిందని చెప్పడం అలవాటయింది.

"మీకు కుండలో వేరే ఉంది. ఇది నిన్నటిది, పులిసిపోయింది" అంది.

"ఉంటే తెచ్చి పొయ్యి మరి."

లేచి వెళ్ళి పోసింది. ఆయన తిన్నాడు, చెయ్యి కడిగాడు, చొక్కా వేసుకున్నాడు. గుంటూరు మిర్చి యార్డుకి కాయల బస్తాలు, టిక్కీలేసుకుని పోతున్నాననీ, రేపు సాయంత్రానికి గానీ రాననీ, పన్నెండింటికి కరెంటివ్వగానే పొలం వెళ్ళి మోటారు వెయ్యమనీ, మూడింటికి తీసేదాకా అక్కడే ఉండమనీ చెప్పి లారీ ఎక్కాడు. పొలంలో ఆ మూడుగంటలు ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆమెకి చెయ్యడానికి పనేమీ లేని మూడుగంటలు ఒకచోట ఉంటాయని ఆయనకి తోచి ఉండదు. ఆమెకీ తోచలేదు.

పిడుగురాళ్ళకి ఏడెనిమిది మైళ్ళ దూరంలో ఉంటుంది వాళ్ళ ఊరు. ఊరికి అరమైలు అవతల వాళ్ళ మిరపచేను, చేను మొదట్లో రాతిమెట్ల దిగుడు బావి. సాగర్ కాలవ పుణ్యమా అని మార్చిలో కూడా రెండు నిలువుల నీళ్ళుంటాయి. ఊళ్ళో దాన్ని నాంచారమ్మ దూకిన బావి అంటారు. నాంచారమ్మ చెంచురామయ్యకి మేనత్త. ఆవిడ ఎలా నవ్వేదో, ఏం కూర బాగా వండేదో, ఎందుకు దూకిందో కోటిరత్నానికి ఎవరూ చెప్పలేదు. దూకిందని మాత్రం చెప్పారు. ఆ తర్వాత ఆ ఇంటి ఆడవాళ్ళెవరూ ఆఖరి మెట్లదాకా దిగరు.

ఆ రోజు ఎండ పెళపెళలాడుతోంది. మోటారు వేసి, షెడ్డు నీడలో కూర్చుంది. చేతుల మంట మోచేతులదాకా పాకింది. మొహం కడుక్కుందామని మెట్లు దిగింది. మోకాళ్ళదాకా నీళ్ళలోకి వచ్చేసరికి చల్లదనం కాళ్ళలోంచి నడుముదాకా జివ్వుమని ఎక్కింది. అక్కడే నిలబడిపోయింది.

ఆమె పుట్టిల్లు చీరాల దగ్గర, కొమ్మమూరు కాలవ గట్టు మీద. నాన్న నడుముకి ఎండు సొరబుర్రలు కట్టి ఆరేళ్ళకే ఈత నేర్పాడు. పదేళ్ళకి బుర్రలు విప్పేసి, పావడా గోచీ పోసి, అన్నయ్య కంటే ముందు కాలవ దాటి వెనక్కి వచ్చేది. పదమూడో ఏట పెద్దమనిషైంది. స్నానం పోసిన రోజే అమ్మ, "ఇంక కాలవ వైపు వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా" అంది. అన్నయ్య మర్నాడూ వెళ్ళాడు. ఆమె గుమ్మంలో కూర్చుని వాడి తడి జుట్టు వాసన చూసింది. ముప్ఫై ఏళ్ళు గడిచాయి. ఆ ముప్ఫై ఏళ్ళలో తనకి ఈత వచ్చని ఎవరికైనా చెప్పిందా? చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు. పెళ్ళిచూపుల్లో వంటొచ్చా, కుట్టొచ్చా, పాటొచ్చా అనే అడిగారు.

చుట్టూ చూసింది. చేలో నరపురుగు కూడా లేదు. చీర విప్పి, మడత పెట్టి, పై మెట్టు మీద చెప్పుల పక్కన పెట్టింది. లంగా గోచీ పోసుకుంది. ఆ పని చేతులే చేశాయి, ఆమె ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని నీళ్ళలోకి ఒరిగింది.

మునిగిపోతానేమోనని ఒక్క క్షణం గుండె ఆగింది. అంతలో కాళ్ళకి గుర్తొచ్చింది, ఆ వెంటనే భుజాలకి. నాలుగు బారలు వేసి అవతలి గోడ ముట్టుకుని, ఆ పాచిరాయిని పట్టుకుని పెద్దగా నవ్వింది. నవ్వు బావి గోడలకి తగిలి తిరిగొచ్చి ఆమెనే భయపెట్టింది. తర్వాత వెల్లకిలా తేలింది. పైన గుండ్రంగా ఆకాశం. చెవులు నీళ్ళలో మునిగాయి. కోడలా అనీ, ఏమే అనీ, అమ్మా అనీ ఎవరు పిలిచినా వినపడదు. నలభై మూడేళ్ళ ఒళ్ళు, ఇద్దర్ని కని ఒకర్ని పోగొట్టుకున్న పొట్ట, మూటలెత్తిన నడుము, అన్నీ బరువు దిగిపోయి దూదిలాగా నీళ్ళ మీద పడుకున్నాయి. ఒంటి మీద ఎక్కడా మంట లేదు.

ఆ రోజు నుంచి మోటారు వెయ్యడం తన వంతు చేసుకుంది. "మీరు కల్లం దగ్గరుండండి, మోటారుకి నేను పోతాలే" అంటే చెంచురామయ్య సంతోషించాడు. నాలుగింటికే లేచి ఇంటి పనంతా తెముల్చుకునేది. పన్నెండు ఎప్పుడవుతుందా అని చూసేది. పెళ్ళికిముందు కూడా ఏ వేళ కోసమూ ఇంత ఎదురుచూసిన జ్ఞాపకం లేదు ఆమెకి. మొదట బావి అడ్డంగా పదిసార్లు తిరిగేసరికి ఆయాసం వచ్చేది. వారం తిరిగేసరికి ఇరవై, తర్వాత నలభై. ఇంట్లో గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తుంటే, "ఏంది, రేడియో మింగావా?" అన్నాడు మొగుడు. అత్తగారు తడిజుట్టు చూసి, "మధ్యాన్నం పూట తలంటేందే?" అంది. "చెమట పట్టింది అత్తయ్యా" అంది. ఒక్కటే కోరిక మిగిలింది. చిన్నప్పుడు కాలవలో లాగా అడుగు ముట్టి, గుప్పెడు మట్టి తీసుకుని పైకి రావాలి. మూడు రోజులు ప్రయత్నించింది. చెవులు నొప్పెట్టి సగంలో తిరిగొచ్చేది.

నాలుగో రోజు రెండుసార్లు సగంలోంచే తిరిగొచ్చి, మూడోసారి ఊపిరి బిగబట్టి తలకిందులుగా దిగింది. నీళ్ళు చల్లగా, ఆ తర్వాత చీకటిగా అయ్యాయి. వేళ్ళకి మెత్తగా తగిలింది. పిడికిలి నిండా తీసుకుని, కాళ్ళతో నేల తన్ని పైకి వచ్చింది. చెయ్యి పైకెత్తి, తనకి తనే చూపించుకోబోయింది.

బావి చుట్టూ ముప్ఫైమంది జనం.

పక్క చేలో నీళ్ళు కడుతున్న దానయ్య గట్టు మీదుగా పోతూ మెట్టు మీద చీర, చెప్పులు చూశాడు. బావిలో మనిషి లేదు, బుడగలున్నాయి. "చెంచురామయ్యగారి ఇంటావిడ నాంచారమ్మ బావిలో దూకింది రోయ్!" అని కేకపెట్టుకుంటూ ఊరివైపు పరిగెత్తాడు. దారిలోనే ఉన్న కల్లంలోంచి జనమంతా ఇటే పరిగెత్తుకొచ్చారు. కోటిరత్నం మొదటిసారి దిగి పైకొచ్చి, మళ్ళీ రెండుసార్లు దిగేలోపు ఇదంతా జరిగిపోయింది. చెవుల్నిండా నీళ్ళు, ఆమెకేమీ వినపడలేదు. ఒకడు మోకు తెచ్చాడు. కూలీ ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. చెంచురామయ్య ఒక కాలికే చెప్పుతో, మొహమంతా కన్నీళ్ళతో మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఎంత పని చేశావే! నేనేమన్నానని? మజ్జిగ గురించి ఏదో నోరుజారాను గానీ..."

ఆ కన్నీళ్ళు చూసి ఆమె గుండె కరిగింది. నెలనాడు అన్న మజ్జిగ మాట ఆయనకి గుర్తుందని కూడా ఆశ్చర్యపోయింది.

"నాకేం కాలేదండీ. ఈత కొడుతున్నా" అంది.

"ఈతంట!" అని ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఆమె కళ్ళెదుటే చెంచురామయ్య కన్నీళ్ళు ఆరిపోయాయి. "బయటికి రా" అన్నాడు, పళ్ళ బిగువున. చీర విసిరాడు.

ఇంటికొచ్చాక అరిచాడు. "సిగ్గులేదా? ఎదిగిన పిల్లనెట్టుకుని లంగాతో నీళ్ళలో ఎగురుతావా? రేపు రచ్చబండ దగ్గర నేను తలెత్తుకుని కూర్చోవద్దా?" ఇంటర్ చదువుతున్న కూతురు అఖిల గదిలోంచి బయటికి రాలేదు. చివరికి బసవమ్మ, వత్తులు చేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, మెల్లగా అంది: "నిజంగా దూకినా అయ్యో పాపం అనేవాళ్ళు తల్లీ. ఇప్పుడు చూడు, ఊరంతా నవ్వుతంది."

మిగతా మాటలన్నీ కోటిరత్నం చెవి పక్కనుంచి పోయాయి. ఈ ఒక్కటి లోపల దిగబడింది. అత్తగారు కోపంతో అనలేదు, ఉన్న విషయం చెప్పింది. బియ్యం కడుగుతున్నా, పిడకలు సర్దుతున్నా అదే మాట. చచ్చి ఉంటే పరువు నిలిచేది. మోకులు తెచ్చేవాళ్ళు, గుండెలు బాదుకునేవాళ్ళు, పెద్దకర్మకి నాలుగు కూరలతో భోజనాలు పెట్టేవాళ్ళు, మహా ఇల్లాలు అనేవాళ్ళు. బావి చుట్టూ చేరినవాళ్ళంతా ఆమె చావుకి సిద్ధంగా వచ్చారు. ఆమె సుఖంగా ఉందంటేనే ఎవరి దగ్గరా మాట లేదు. ఆడమనిషి నీళ్ళలో దిగిందంటే కష్టమొచ్చే దిగి ఉండాలి. హాయిగా ఉందని దిగితే దానికి క్షమాపణ లేదు. నాంచారమ్మని ఈ ఊరు క్షమించింది. బావికి ఆవిడ పేరు కూడా పెట్టుకుంది.

మూడు రోజులు చెంచురామయ్యే మోటారుకి వెళ్ళాడు. ఆమె కల్లంలో కాయలేరింది. చేతులు మండాయి. నాలుగో రోజు పదకొండున్నరకి అన్నం వండి, కూర దించి, అత్తగారి మాత్రలు గ్లాసు పక్కన పెట్టి, పొడిచీర భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"యాడికి?"

"బావికి."

"మోటారు నేనేస్తానన్నాగా."

"మోటారుకి కాదు. ఈతకి."

చెంచురామయ్య లేచి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "మళ్ళీ ఆ బావిలో దిగావంటే ఈ గడప తొక్కక్కర్లా. ఆ బావి మాది, మా తాత తవ్వించింది."

ఆమెకి భయం వేసింది. అయినా పొడిచీర భుజాన సర్దుకుంది.

"చావడానికి దిగిన మీ మేనత్తని బావి ఎవరిదని ఎవరన్నా అడిగారా? బతకడానికి దిగితేనా అడిగేది? ఇరవై నాలుగేళ్ళల్లో మీ అన్నం మానలేదు, అత్తయ్య మందులు మానలేదు, కల్లం మానలేదు. రేపూ మానను. రోజుకో గంట నాది. ఇమ్మని అడగడం లేదండీ, చెబుతున్నా. గడప సంగతంటారా, తిరిగొచ్చి సాయంత్రం ఈ గడపే కడగాలి నేను. ఎవరు కడుగుతారో మీరే ఆలోచించుకోండి."

అంతలో వెనకనుంచి అఖిల వచ్చింది. "అమ్మా, సబ్బు మర్చిపోయావు" అని సబ్బుపెట్టె తల్లి చేతిలో పెట్టి, నాన్న మొహంలోకి చూడకుండా గేటు తలుపు తీసి పట్టుకుంది.

కోటిరత్నం బజారు మధ్యలో నడిచింది. "ఏందమ్మా, మళ్ళీనా?" అని అరుగు మీది మగవాళ్ళు నవ్వారు. "ఆ, మళ్ళీనే" అంది, ఆగకుండా.

బావి దగ్గర చెట్టునీడలో మిరపకోత కూలీలు సద్దులు విప్పుకుంటున్నారు. ఆమె దిగి, ఇటూ అటూ పది తిరిగి, మెట్టు పట్టుకుని ఊపిరి తీసుకుంటుంటే దేవకుమారి గట్టు మీదకొచ్చి కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ చేలో కోతకొచ్చే మనిషి. ఆ రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆమే. నీళ్ళకేసి రెప్పవెయ్యకుండా చూస్తోంది. కోటిరత్నానికి ఆ పూట లోకమంతటికీ ఏదో ఒకటి పంచిపెట్టాలనిపిస్తోంది.

"నీకూ నేర్పనా దేవకుమారీ? భయం లేదు, నేను పట్టుకుంటా" అంది.

దేవకుమారి నవ్వింది. "నేర్పేదేముందమ్మా, కాలవ గట్టున పుట్టినదాన్ని. నాకు ఈత రాక కాదు. మీ బావిలో మమ్మల్ని దిగనియ్యరు, అంతేగా."

మెట్టు మీద కోటిరత్నం చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళుగా దేవకుమారి దప్పికైతే ఈ గట్టు కిందే దోసిలి పట్టి నిలబడేది. పైనుంచి చెంబుతో పోసింది ఎవరు? తనే. ప్రేమగానే పోసింది, చిందకుండా, తగలకుండా. ఆ దోసిలి ఎంత ఎర్రగా కాలి ఉండేదో అప్పుడు చూడలేదు. తను రోజుకి ఒక పూట ఏరితేనే మజ్జిగలో పెట్టుకునే చేతులు. దేవకుమారి పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా కోస్తుంది. ఇందాక గేటు దగ్గర మొగుడన్న మాటే ఇన్నేళ్ళూ దేవకుమారితో తనూ అంటూ వచ్చింది, నోరు విప్పకుండానే. బావి మాది.

గేటు దగ్గర ఎదిరించడం సులువైంది. అది తన కోసం. ఇప్పుడు చేసేదానికి మొగుడొక్కడే కాదు, రేపు బంధువులంతా వస్తారు, అరుగు మీదివాళ్ళు ఇంక నవ్వరు. అది ఆమెకి స్పష్టంగా తెలుసు.

"దిగు" అంది.

"అయ్యగారు..."

"నీ మీదికెవరొచ్చినా ముందు నాతో మాట్లాడాలి. దిగు దేవకుమారీ." మెట్టు మీదనుంచి పక్కకి జరిగి చోటిచ్చింది.

దేవకుమారి ఊరివైపు ఒకసారి, తోటి కూలీలవైపు ఒకసారి చూసింది. తలగుడ్డ విప్పి గట్టు మీద పెట్టింది. మెట్లు దిగి, ముందు రెండు చేతులూ మణికట్లదాకా నీళ్ళలో ముంచి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారి, అవతలి గోడ దగ్గర తేలింది.

"రండమ్మా, పందెం! ఆ మెట్టు ఎవరు ముందు ముడతారో చూద్దాం!"

ఆ పందెంలో కోటిరత్నం చిత్తుగా ఓడిపోయింది. ఆమె సగం దూరం వచ్చేసరికే దేవకుమారి మెట్టెక్కి కూర్చుని, జుట్టు పిండుకుంటూ, పగలబడి నవ్వుతోంది. గట్టు మీద ఎవరివో అడుగుల చప్పుడు, గట్టిగా మగగొంతులు. కోటిరత్నం తలెత్తి చూడలేదు.

"ఇంకోసారి" అంది.