ఉప్పిసుకలో ఓనమాలు

“ధ్రువుడి పేరు చెప్పి పసివాడి వేళ్లు పుండు చేసేరు! మీరూ చేసేరు, నా మొగుడూ చేసేడు!”

అరుగు కింద నిలబడి వరహాలమ్మ కేకేసింది. అరుగు మీద బంగారయ్య పంతులు, ఆయన ముందు ఇసుక పరుచుకుని వీధిబడి పిల్లలు. వాళ్లలో ఆమె కొడుకు, ఏడేళ్ల దొరబాబు. పెళ్లాం వెనకే పరుగెత్తుకొచ్చిన నూకరాజుకి తల కొట్టేసినట్టయింది.

ధవళేశ్వరంలో ఆనకట్టకి రాళ్లు పడుతున్న రోజులవి. నూకరాజు రాజోలు వైపు కొబ్బరికాయల పడవ నడిపేవాడు. తన ఇంట్లో ఒక్కడైనా భాగవతం చదివి వినిపిస్తే చాలనుకున్నాడు. పడవవాడి కొడుకుని అరుగెక్కించుకున్న పంతులు అతడికి దేవుడితో సమానం. ఆ మురిపెంలో సముద్రం ఒడ్డునుంచి పిండిలాంటి తెల్లటి ఇసుక బుట్టలకొద్దీ తెచ్చి బళ్లో పోసేడు. పడవ చెక్కకి పట్టిన ఉప్పుని రోజూ కడిగే మనిషికి ఇసుకలో ఉప్పుంటుందని తట్టలేదు. సంబరం కళ్లు కప్పేసింది.

వేలితో ఇసుకలో దిద్దితే చర్మం లేస్తుంది, ఏ బళ్లోనైనా అంతే. ఈ బళ్లో లేచినచోట ఉప్పు మండింది. పిల్లలు ఏడ్చేరు. ఏడ్చినప్పుడల్లా పంతులు ధ్రువుణ్ణి ముందుకు తోసేవాడు. “అయిదేళ్లవాడు! అడవిలో ఒంటికాలిమీద నిలబడ్డాడు. పట్టుదలంటే అదీ. దిద్దండి!” ఇంటికొస్తే నూకరాజుదీ అదే పాట. కథని సగానికి కోసి, బెత్తానికి పనికొచ్చే ముక్క ఉంచుకున్నారిద్దరూ.

ఈ పొద్దున దొరబాబు చద్దన్నం ముద్ద పట్టుకోలేకపోయేడు. వేలికి చీము పట్టింది. వాడు బడికి పోయేక కూడా వరహాలమ్మకి మనసు ఆగలేదు, వచ్చేసింది.

“ఏంటమ్మా ఈ గోల? ధ్రువుడు ఏడ్చేడా?” అన్నాడు పంతులు.

దొరబాబు తలెత్తేడు. “ఏడ్చేడండి. నాన్న ఒళ్లో కూచోనివ్వలేదని ఏడ్చుకుంటా వాళ్లమ్మ దగ్గిరికెళ్లేడండి. మా అమ్మ చెప్పింది.”

పిల్లలు కిసుక్కుమన్నారు. పంతులు చెయ్యి బెత్తం మీదికి పోయింది.

నూకరాజు అరుగు దగ్గిరికి జరిగేడు. నోరు తెరిస్తే కొడుకు అరుగు దిగాలి. తెరవకపోతే వేలు పోతుంది. పడవ తాడు కోసిన తన అరచేతిని కొడుకు ముందున్న ఇసుకలో అదిమేడు. భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగేయి.

“ఉప్పండి, పంతులుగారూ. తెచ్చిన ఎదవని నేనేనండి.”

“ఓర్చుకోలేకపోతే తీసుకుపో నీ కొడుకుని!”

“అడవికెళ్లినోడికి నారదుడు ఎదురొచ్చి దారి చెప్పేడు గానీ, బెత్తం పట్టుకు రాలేదండీ,” అంది వరహాలమ్మ.

“నువ్వూరుకోవే,” అంటూనే నూకరాజు అరుగు వారనున్న ఇసుక బుట్ట అందుకున్నాడు. జీవితంలో మొదటిసారి పంతులు మొహంలోకి సూటిగా చూసేడు.

“వీణ్ణి తీసుకుపోనండి. వీడు అక్షరం వదలడు. ఈ ఇసుక ఇప్పుడే ఎత్తిపారెయ్యాలి, నేనే ఎత్తుతాను. పొద్దుగుంకేలోగా గోదారి ఇసుక పోస్తాను. పుండు మానేదాకా పిల్లలు నోటితో వల్లెవేస్తారు. మీరా బెత్తం కింద పెట్టండి. ధ్రువుడి కథ మొదట్నుంచీ చెప్పండి, వాడి ఏడుపుతో సహా. ఇవాళే చెప్పండి. మేమూ ఇక్కడే కూచుని వింటాం.”